బయానా ఎక్కడ సంకెలవుతుంది? చిన్న కంట్రాక్టరు, ఇటుక బట్టీ, వెట్టిచాకిరి

వెట్టి పోయింది, జీతగాళ్ళు పోయారు, ఇప్పుడంతా కూలీలే అనే మాట విశ్వవిద్యాలయాల్లోనూ వినిపిస్తుంది, ఊళ్ళల్లోనూ వినిపిస్తుంది. పోయింది దొర గడీ ముందర చేసిన వెట్టి. మనిషిని అప్పుకు కట్టేసే పద్ధతి పోలేదు. అది ఊరు మారింది, పేరు మార్చుకుంది. దాన్ని ఒక చిన్న వ్యాపారం దగ్గర నిలబడి చూడాలనుకుంటున్నాం. హైదరాబాద్ శివార్లలో ఇళ్ళు కట్టించే చిన్న కంట్రాక్టరును తీసుకుందాం. కొద్దిమంది కూలీలు, కిరాయికి తెచ్చిన సెంట్రింగు సామాను, అరువు మీద దిగే ఇటుక, ఇసుక, సిమెంటు. ఇదీ ఆయన వ్యాపారం. నిన్నటిదాకా తాపీ పట్టిన మన కులాల వాళ్ళు కూడా ఇవాళ ఈ పనిలో ఉన్నారు. కాబట్టి ఇది పరాయివాళ్ళకు చెప్పే నీతి కాదు, మనలో మనం తేల్చుకోవాల్సిన సంగతి.

ఆ ఇటుక ఎవరు చేశారు? తెలంగాణ బట్టీల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల దళితులు, ఆదివాసులు. అక్కడ కొత్త పంట పండుగ నువాఖాయి దాటగానే సర్దార్ అనే దళారీ ఊళ్ళోకి వస్తాడు. కుటుంబం చేతిలో బయానా పెడతాడు. అది పెళ్ళికో, ఆసుపత్రికో, పాత బాకీకో అక్కడే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత వానలు పడేదాకా, ఆరేడు నెలలు, బట్టీలో ఉండాల్సిందే. బయానా మనిషికి కాదు, 'పతూరియా' అనే జట్టుకు. అందులో మొగుడు, పెళ్ళాం, ఇంకొక చెయ్యి. ఆ మూడో చెయ్యి చాలాసార్లు బడికి పోవాల్సిన పిల్లదే. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని మాట. వారం వారం తిండికిచ్చే ఖర్చు కూడా ఖాతాలోకే ఎక్కుతుంది. విరిగినవి, వానకు కరిగినవి లెక్కలోంచి కొట్టేస్తారు. పుస్తకం యజమాని దగ్గరుంటుంది. సీజను చివర 'ఇంకా మీరే బాకీ' అంటే, కాదనడానికి కూలీ దగ్గర కాగితమేది?

బయానా వెనక ఎంత హింస ఉందో 2013 డిసెంబరులో బయటపడింది. కలహండి జిల్లా కూలీలు ఇద్దరి కుడి చేతుల్ని బయానా తగాదాలోనే నరికేశారు. ఒడిశావాళ్ళ గోస మనకెందుకు అనుకునేవాళ్ళు పాలమూరును గుర్తుచేసుకోవాలి. గుంపు మేస్త్రీ ఇచ్చిన బయానాకు కట్టుబడే పాలమూరు లేబరు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టింది.

చట్టం దీని గురించి ఏమంటోంది? రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. దేశంలోని రకరకాల కట్టుబానిస పద్ధతుల పేర్లు ఆ చట్టంలో వరసగా ఉన్నాయి. వాటిలో భగేలా, జీతా, పాలేరు, వెట్టి కూడా ఉన్నాయి. మన తాతలను పిలిచిన పేర్లే అవి. ఈ చట్టం ప్రకారం వెట్టి బాకీ రద్దయిపోతుంది. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే, కూలీ కాదు. నేరానికి మూడేళ్ళ దాకా జైలు. 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో రెండు మాటలు చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పనిచేయించుకోవడం బలవంతపు చాకిరే, ఎందుకంటే ఆకలి కూడా ఒక బలవంతమే. 23వ అధికరణం ప్రభుత్వాన్నే కాదు, ప్రైవేటు వ్యక్తులను కూడా కట్టేస్తుంది. అంటే చిన్న కంట్రాక్టరు కూడా దీని బయట లేడు.

బయానా ఇవ్వడమే నేరమని మేము అనడం లేదు. చేతిలో పైసా లేని కుటుంబానికి ముందు డబ్బు కావాలి. అయితే బయానా సంకెలయ్యేది మూడు చోట్ల. లెక్క ఎవరి చేతిలో ఉంది? వెళ్ళిపోయే దారి తెరిచి ఉందా? కూలి ఎవరి చేతికి ముడుతోంది? లెక్క యజమానిదై, దారి మూసుకుపోయి, కూలి కుటుంబ పెద్దకో సర్దార్‌కో పోతుంటే అది అప్పు కాదు, వెట్టి.

ఈ మూడు ప్రశ్నలు మొదట సొంత సైటులోనే వేసుకోవాలి. బయానా ఇచ్చినా, కూలి ఇచ్చినా రాసిన చీటీ కూలీకి ఇవ్వాలి. ఆధార్ కార్డు, ఫోను పట్టిపెట్టుకోవద్దు. ఆడమనిషి కూలి ఆమె చేతికే ఇవ్వాలి. గుంపు మేస్త్రీకి మొత్తం ఇచ్చేసి చేతులు దులుపుకుంటే కుదరదు. పోతానన్న మనిషికి చేసిన రోజుల కూలి కట్టి పంపాలి.

తర్వాత బట్టీ. ఇటుక ఫోనులో చెప్పి తెప్పించుకోకుండా ఒకసారి పోయి చూడాలి. పిల్లలు మట్టి తొక్కుతున్నారా? వారం సంతకు ఎవరినైనా వెంట పంపకుండా పోనిస్తున్నారా? జబ్బు చేస్తే ఊరికి పోనిస్తారా? ఇంకో సంగతి మనకే తగులుతుంది. అందరికన్నా తక్కువ రేటుకు ఇటుక కావాలని, అదీ ఆర్నెల్ల అరువు మీద కావాలని మనం పట్టుబడితే, ఆ నష్టాన్ని బట్టీ యజమాని తన జేబులోంచి భరించడు. కూలీ లెక్కలోంచి కోస్తాడు. సరైన రేటుకు కొని, చెప్పిన రోజుకు డబ్బు కట్టడం కూడా వెట్టిని అడ్డుకునే పనిలో భాగమే. ఒక్కడు అడిగితే 'వేరేచోట కొనుక్కో' అంటారు. ఒక బస్తీలోని నలుగురైదుగురు కంట్రాక్టర్లు కలిసి అడిగితే వినక తప్పదు.

వెట్టి కనిపిస్తే ఏం చెయ్యాలి? యజమానితో అక్కడికక్కడ గొడవ పెట్టుకోవద్దు. తెల్లారేసరికి ఆ కుటుంబాలను ఇంకో బట్టీకి తరలించేస్తే కాపాడేదెవరు? కలెక్టరుకో ఆర్‌డీవోకో రాతపూర్వకంగా తెలపాలి. విచారణ జరిపించి విడిపించే బాధ్యత 1976 చట్టం వాళ్ళ మీదే పెట్టింది. కూలీలు దళితులో ఆదివాసులో అయితే అత్యాచార నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది. విడుదల పత్రం ఇవ్వకుండా రైలెక్కించి పంపేస్తే దాన్ని విముక్తి అనలేం. కేంద్ర పునరావాస పథకం కింద లక్ష నుంచి మూడు లక్షల దాకా సాయానికి ఆ పత్రమే ఆధారం. అది లేకపోతే ఆ కుటుంబం వచ్చే నువాఖాయికి మళ్ళీ అదే సర్దార్ ముందు చెయ్యి చాపుతుంది.

మన కులాల నుంచి కంట్రాక్టర్లు రావడం మాకు సంతోషమే. కానీ పైకొచ్చామనడానికి గుర్తు మన పేరుతో బోర్డు వేలాడటం కాదు. మన చేతికింద, మనం కొనే సరుకు వెనక, ఇంకొక దళితుడు, ఇంకొక ఆదివాసి బాకీ పుస్తకంలో బందీ కాకపోవడమే గుర్తు.