ఆన్‌లైన్ పరిచయాలు: భయమెంత, ప్రమాదమెంత?

పెళ్లి సంబంధం కలుపుకునే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలని పెద్దలు అంటారు. ఆ ఆరా తీసే బాధ్యతను బంధువులు, మధ్యవర్తులు మోసేవారు. నేడు పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లు, డేటింగ్ యాప్‌లు, సామాజిక మాధ్యమాలు మధ్యవర్తి లేకుండానే ఇద్దరు అపరిచితులను కలుపుతున్నాయి. అలా పరిచయమైన వ్యక్తిని కలిసేందుకు కూతురు బయలుదేరితే ఇల్లంతా కలవరపడుతుంది. అదే కూతురు హెల్మెట్ లేకుండా స్కూటర్ తీస్తే మందలింపు రెండు మాటలతో ముగుస్తుంది.

గణాంకాలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 50,029 మంది హెల్మెట్ ధరించనివారు.

అపరిచితుల వల్లే ప్రమాదమన్న నమ్మకాన్ని కూడా జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలు బలపరచడం లేదు. 2021లో నమోదైన 31,677 అత్యాచార కేసుల్లో 30,571 కేసుల్లో నిందితులు బాధితులకు తెలిసినవారే. అయితే కుటుంబ సభ్యులు, ఇరుగుపొరుగువారు, యజమానులతో పాటు ఆన్‌లైన్ స్నేహితులనూ ఈ సంస్థ ‘తెలిసినవారి’లోనే చేర్చింది. కాబట్టి ఈ అంకెను చూపి ఆన్‌లైన్ పరిచయాలు సురక్షితమని తేల్చడానికి వీల్లేదు.

పోలికకు మరో పరిమితి కూడా ఉంది. రోడ్డెక్కని వారు అరుదు. ఆన్‌లైన్‌లో పరిచయమైన వారిని నేరుగా కలిసేవారు అంతమంది ఉండరు. పైగా ఇక్కడి ముప్పు తీరు వేరు. ముందుగా నమ్మకం కుదురుతుంది, మోసం నెమ్మదిగా బయటపడుతుంది. కేంద్ర హోం శాఖ పరిధిలోని సైబర్ నేరాల సమన్వయ కేంద్రం లెక్కల్లో, 2024 జనవరి నుంచి ఏప్రిల్ వరకు ప్రేమ, డేటింగ్ పేరిట జరిగిన మోసాలపై 1,725 ఫిర్యాదులు అందాయి. బాధితులు పోగొట్టుకున్నది 13.23 కోట్ల రూపాయలు.

జాగ్రత్తలు ఏమిటి?

హెల్మెట్ ప్రయాణాన్ని ఆపదు, ప్రాణాపాయాన్ని తగ్గిస్తుంది. ఇక్కడా అంతే. మధ్యవర్తి చేసే ఆరా ఇప్పుడు ఎవరికి వారే చేసుకోవాలి. కలవడానికి ముందు వీడియో కాల్‌లో మాట్లాడాలి. ఉద్యోగం, ఊరు వంటి వివరాలను వేరే మార్గంలో సరిచూసుకోవాలి. మొదటిసారి పగటిపూట, జనం మసలే చోట కలవాలి. రానుపోను ప్రయాణ ఏర్పాటు సొంతంగా చేసుకోవాలి. డబ్బు అడిగినా, వ్యక్తిగత చిత్రాలు కోరినా అక్కడితో ఆగిపోవాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఎక్కడికి, ఎవరిని కలవడానికి వెళ్తున్నారో ఒకరికి చెప్పి వెళ్లడం. ఇంట్లో తిడతారన్న భయం ఉంటే ఆ మాట బయటకు రాదు. నిషేధించిన ఇంట్లో కలయిక ఆగకపోవచ్చు, చెప్పడం మాత్రం ఆగిపోతుంది. ఆపద ఎదురైతే వెతకవలసిన చోటు కూడా ఇంట్లోవారికి తెలియదు.

అత్యవసర సహాయానికి 112, మహిళల సహాయానికి 181, ఆన్‌లైన్ ఆర్థిక మోసాలపై ఫిర్యాదుకు 1930 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.