గవాక్షం – గాలికి దారి, చూపుకు తెర

అమరకోశం కంఠస్థం చేసినవారికి వాతాయనం, గవాక్షం అనే రెండు పదాలూ పక్కపక్కనే గుర్తుండి ఉంటాయి. రెండింటికీ కిటికీ అనే అర్థం. వాతాయనం అంటే గాలి నడిచే దారి. ఇందులో సందేహానికి తావు లేదు. గవాక్షం అంటే గోవు కన్ను వంటిది. ఈ రెండవ పదం వద్ద వ్యాకరణం చదివే విద్యార్థి కాసేపు ఆగవలసి వస్తుంది. అక్షి శబ్దం సమాసం చివర చేరి ‘అక్ష’ అని మారడానికి పాణిని ఒక నియమం విధించాడు: అక్కడ ఆ శబ్దం చూసే కంటిని చెప్పకూడదు. సిద్ధాంతకౌముదిలో దీనికి గవాక్షమే ఉదాహరణ. (విరూపాక్షుడు, విశాలాక్షి వంటి పేర్లకు సూత్రం వేరు, ఆ చర్చ ఇక్కడ అక్కరలేదు.) కన్ను ఆకారం ఉన్నది, కాని చూడటం దాని పని కాదు. కిటికీ పేరులోనే ఈ మాట ఇమిడి ఉండటం, పాఠాలు చెప్పిన రోజుల నుండీ నాకు ముచ్చటగానే తోస్తున్నది.

సత్రాలలో గదులు కట్టించదలచిన దాతలు నా వద్దకు వచ్చినప్పుడు శంకుస్థాపన ముహూర్తం అడుగుతారు, సింహద్వారం ఏ దిక్కున ఉండాలో అడుగుతారు, శిలాఫలకంపై తల్లిదండ్రుల పేర్లు ఏ క్రమంలో చెక్కించాలో కూడా అడుగుతారు. కిటికీ గురించి అడిగినవారు అరుదు. దానిని కాంట్రాక్టరుకు వదిలివేస్తారు. ఆయన అల్యూమినియం చట్రంలో పక్కకు జరిపే గాజు తలుపులు రెండు బిగిస్తాడు. ఒకదాని వెనుకకు ఒకటి జరుగుతాయి కనుక ఆ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. గాజు గుండా ఎండ నేరుగా గదిలో పడుతుంది. ఎదుటి వరండాలో జనం తిరుగుతూనే ఉంటారు. ఒక క్షేత్రంలో నేను దిగిన గదిలో గాజుకు నిలువునా వార్తాపత్రికలు అంటించి ఉన్నాయి. నదీస్నానం చేసి వచ్చి తడిబట్టలు మార్చుకునే స్త్రీలు అంటించుకున్నవని అక్కడివారు చెప్పారు. అది వైశాఖమాసపు మధ్యాహ్నం, కరెంటు లేదు. తెరిస్తే మర్యాద దక్కదు, మూస్తే ఊపిరాడదు. ధనం వెచ్చించి ఆ గది కట్టించిన పుణ్యాత్ముని ఉద్దేశం ఇది కాదు కదా!

గాలి, వెలుతురు, చూపు – మూడూ ఒకే రంధ్రం గుండా వస్తాయి. వీటిని విడదీసి, కావలసినదానిని రానిచ్చి, అక్కరలేనిదానిని ఆపడం ఎలాగో మన శిల్పులు రాతిలోనే సాధించి చూపారు. తుంగభద్రాతీరంలోని ఆలంపురం వెళ్ళిన యాత్రికులు జోగులాంబా బాలబ్రహ్మేశ్వరుల దర్శనం ముగించుకొని తిరిగివస్తారే గాని, నవబ్రహ్మాలయాల గోడలను నిదానంగా చూసేవారు తక్కువ. క్రీ.శ. 7, 8 శతాబ్దాలలో బాదామి చాళుక్యుల కాలంలో వెలసిన ఆలయాలవి. గర్భాలయం చుట్టూ, కప్పు కింద, ప్రదక్షిణ మార్గం ఉంటుంది. ఆ మార్గపు బయటి గోడలలో రాతిపలకలను తొలిచి చేసిన జాలకాలు ఉన్నాయి. జాలమంటే వల. వలలో కన్నులవలె రాతిలో కన్నులు.

ఆ జాలకాన్ని చూసేవారు అల్లికను మెచ్చుకుంటారు. నేను రాతి మందాన్ని గమనించమంటాను. అందులోనే అసలు సంగతి ఉన్నది. రంధ్రం ఎత్తు ఎంతో రాతి మందం కూడా అంతే ఉన్నదనుకుందాం. అప్పుడు ఎదురుగా 45 డిగ్రీలకు మించిన ఎత్తులో ఉన్న సూర్యుని కిరణం ఆ రంధ్రంలో ప్రవేశించినా లోపలికి చేరదు. రంధ్రపు అడుగుభాగాన్ని తాకి చెదిరిపోతుంది. లోపలికి వచ్చేది ఎండ కాదు, ఎండ తాకిన రాతి వెలుగు. గాలికి ఇటువంటి నియమం లేదు, అది వంగి వస్తుంది. పలచని ఇనుపరేకుకు అవే రంధ్రాలు కొట్టి జాలకమని బిగిస్తే ఈ ప్రయోజనం నెరవేరదు. మందం లేని రంధ్రం ఎండను ఆపలేదు.

నడి ఎండలో నుండి వచ్చిన భక్తునికి ఒక్కసారిగా చీకటి గర్భాలయం ఎదురైతే ఏమీ కనబడదు. కన్ను చీకటికి అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు కావాలి. ఆరుబయలు, మండపం, జాలకాల మసక వెలుతురు, ఆ తరువాత దీపపు వెలుగు – ఇలా మెట్టుమెట్టుగా దిగివస్తే స్వామి ముఖమండలం చేరేసరికి కన్ను సిద్ధమై ఉంటుంది. వృద్ధులు గడప తగిలి పడకుండా ఉండటానికీ ఇదే ఆధారం. పావురాల బెడద అనో, వానజల్లు అనో కొన్నిచోట్ల ఇటువంటి జాలకాలను రేకులతో మూసివేస్తున్నారు. మూసిన తరువాత కర్పూరధూమం, నూనెదీపాల మసి పోయే దారిలేక స్తంభాలు నల్లబడతాయి. ఆ చీకటికి పరిహారంగా ట్యూబులైట్లు వెలుస్తాయి.

జాలకాల విషయంలో ప్రచారంలో ఉన్న ఒక అపోహను కూడా చెప్పాలి. చిన్న రంధ్రం గుండా దూరివచ్చినందువల్లనే గాలి చల్లబడుతుందని కొందరు మార్గదర్శకులు యాత్రికులకు చెబుతూ ఉంటారు. అది సరికాదు. ఇరుకులో గాలి వేగం కొంత పెరగవచ్చును. ఆ గాలి శరీరానికి తగిలినప్పుడు చెమట ఆరి మనకు చల్లగా ఉంటుంది. గాలి వేడి మాత్రం తగ్గదు. గాలిని నిజంగా చల్లబరిచేది నీరు. వేసవిలో వాకిళ్ళకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చిలకరించిన పెద్దలకు ఇది తెలుసు. పొడిగాలి వీచే రాయలసీమలో, తెలంగాణలో ఆ తడికలు చేసినంత మేలు ఉక్కపోసే సముద్రతీరంలో చేయవు.

చూపు సంగతికి వస్తాను. హొయసల విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠ చేయించిన బేలూరు చెన్నకేశవాలయంలో మండపం మొదట తెరిచే ఉండేది. జాలకాలు తరువాత రెండవ బల్లాలుని కాలంలో అమర్చారు. జయపురంలో 1799లో సవాయి ప్రతాపసింహుడు కట్టించిన హవామహల్‌లో అంతఃపుర స్త్రీలు వీధి ఉత్సవాలను తాము కనబడకుండా చూసేవారు. దీని రహస్యం రాతిలో కన్నా వెలుగులోనే ఎక్కువగా ఉన్నది. పగటివేళ బయట వెలుతురు ఎక్కువ, లోపల తక్కువ. చీకటిలో ఉన్నవారికి వెలుగులో ఉన్నవారు కనబడతారు గాని వెలుగులో ఉన్నవారికి చీకటిలోనివారు కనబడరు. రాత్రి లోపల దీపం వెలిగిస్తే ఈ న్యాయం తలకిందులవుతుంది. అప్పుడు జాలకం వెనుక ఉన్నవారు వీధికి స్పష్టంగా కనబడతారు. పగలు దర్శనానికి తెరిచే ఆలయానికి జాలకం చాలును. రాత్రి బసకు ఇచ్చే గదికి అది చాలదు.

అక్కడ పనికివచ్చేది వాలుపలకల కిటికీ. చట్రంలో అడ్డంగా, బయటివైపుకు వాలి, చూరువలె ఒకదానిపై ఒకటి కప్పుతూ ఉండే సన్నని చెక్కపలకలు. నేటి వడ్రంగులు వీటిని లూవర్లు అంటున్నారు. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి కాలపు ఇళ్ళకు ఇటువంటి చెక్క తలుపులు నేటికీ కనిపిస్తాయి. కొన్నింటిలో పలకలన్నింటినీ కలుపుతూ నిలువుగా ఒక సన్నని కర్ర ఉంటుంది; దానిని పైకీ కిందికీ కదిపితే పలకలన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి.

పలకలు సరిగా అమర్చారో లేదో తెలుసుకోవడానికి కొలబద్ద అక్కరలేదు. బయట నిలబడి, కంటిని కిటికీ ఎత్తుకు సమానంగా ఉంచి తిన్నగా చూడండి. ఆవలి గోడ కనబడకపోతే అమరిక సరిగా ఉన్నట్లే. తిన్నని చూపే దూరలేని చోట పైనుండి వచ్చేది ఏదీ నేరుగా దూరలేదు. సూర్యుడు ఎప్పుడూ దిగంతానికి పైననే ఉంటాడు. కనుక ఎండ రాదు. నిట్టనిలువుగా కురిసే వాన రాదు. ఎదుటి మేడ మీద నిలబడినవాని చూపూ రాదు. వీధిలో కింద నిలబడినవాడు తలెత్తి చూస్తే పలకల వాలు వెంట పైకప్పు మాత్రమే కనబడుతుంది. రాత్రి దీపం వెలిగించినా ఇందులో తేడా రాదు. ఇది వెలుగును బట్టి ఏర్పడిన చాటు కాదు, పలకల వాలు ఇచ్చిన చాటు. బయటి నేల మీద పడి ఎగసిన వెలుతురు మాత్రం పలకల సందుల గుండా పైకప్పును చేరి గదంతా పరుచుకుంటుంది. కొందరు పనివారు పొరపాటున పలకలను లోపలికి వాలేటట్లు బిగిస్తారు. అప్పుడు వాననీరు గదిలోకి, మేడ మీదివారి చూపు మంచం మీదికి వస్తాయి.

ఉత్తరపు కిటికీకి ఎండ బాధ లేదని చాలామంది నమ్మకం. ఉత్తరదేశాలలో అది చెల్లుతుంది గాని మనకు చెల్లదు. ఆలంపురం వంటి చోట మే నెల మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి, రెండవ వారాలలో మరొకసారి మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రెండింటి నడుమ సుమారు మూడు మాసాలు అతడు మనకు ఉత్తరంగానే నడుస్తాడు. కనుక ఆ దిక్కు గోడకూ నీడ కావాలి. దక్షిణపు గోడకు నడిమధ్యాహ్నపు ఎండ ఆపడానికి మంచి చూరు ఒక్కటే చాలావరకు సరిపోతుంది. పడమటి గోడకు మాత్రం లోహపు పలకలు పెట్టించవద్దు. అవి సాయంకాలానికి పెనంవలె కాలి, వేడిని లోపలికి చిమ్ముతాయి. అక్కడ చెక్కే మేలు.

గాలికి సంబంధించి ఒక విషయం వాస్తు చెప్పేవారు కూడా తరచు మరచిపోతున్నారు. వచ్చిన గాలికి పోయే దారి ఉండాలి. ఒకే గోడకు ఎంత పెద్ద కిటికీ పెట్టినా గదిలో గాలి ఆడదు. ఎదుటి గోడకు పైభాగంలో మరొక తూము వంటి రంధ్రం ఉంటే వేడిగాలి పైకి చేరి అటునుండి వెళ్ళిపోతుంది. మండువా లోగిళ్ళలో నడిమి ఆకాశం చేసిన ఉపకారం ఇదే. పైగా వాలుపలకలు బయటినుండి వచ్చే గాలిని పైకి మళ్ళిస్తాయి. సత్రంలో యాత్రికులు చాపలు పరచుకొని నేలమీదనే పడుకుంటారు; కిటికీ ఛాతీ ఎత్తున మొదలైతే గాలి వారి మీదుగా దాటిపోతుంది. అందువలన పలకల భాగం నేలకు జానెడు ఎత్తునుండే మొదలుకావడం మంచిది. చూపుకు తావు లేదు కనుక అంత దిగువన ఉన్నా సంకోచం అక్కరలేదు.

లోపాలు లేవని అనను. పలకలు కొంత చోటు ఆక్రమిస్తాయి. కాబట్టి మామూలు కిటికీ కంటే వెడల్పుగా పెట్టించాలి. ప్రతి పలక మీదా దుమ్ము పేరుకుంటుంది. నెలకొకసారి తడిగుడ్డతో తుడిచే మనిషి లేకపోతే ఏడాది తిరిగేసరికి గాలితోబాటు ధూళి కూడా లోపలికి వస్తుంది. దోమలకు వల బిగిస్తే గాలి బాగా తగ్గుతుంది. అందుకే వలను తీసి కడుగుకొనేటట్లు విడిచట్రంలో అమర్చాలి. ఏసీ పెట్టదలచిన గదికి ఇవి ఒక్కటే పనికిరావు, చల్లదనమంతా బయటికి పోతుంది. అక్కడ లోపల గాజు, బయట వాలుపలకలు ఉండాలి. గాజు దాటి వచ్చిన ఎండను లోపలి పరదా ఆపినా, ఆ వేడి అప్పటికే గదిలోకి వచ్చి కూర్చుంటుంది.

గది అప్పగించే నాడు దాతగాని, వారి తరఫున ఇంటి ఆడవారుగాని రెండు పరీక్షలు చేయించుకోవచ్చును. పగలు తలుపు మూసి, కిటికీ దగ్గర అగరువత్తి వెలిగించి పొగ ఎటు కదులుతున్నదో చూడాలి. నిలువుగా లేచి అక్కడే తిరుగుతుంటే ఎదుటి గోడకు రంధ్రం చాలలేదన్నమాట. సున్నం వేయకముందే దానిని పెద్దది చేయించాలి. రెండవది, చీకటి పడిన తరువాత గదిలో దీపం వెలిగించి, ఒకరు లోపల నిలబడగా మరొకరు వరండాలోనూ, మెట్ల మీదా, ఎదుటి మేడ పైనా నిలబడి చూడాలి. పలకలు తిప్పేవైతే పూర్తిగా తెరిచి ఒకసారి, సగం తెరిచి ఒకసారి చూసి, లోపలివారు కనబడని చోట కర్రకు ఒక గుర్తు గీయించాలి.