బీడీ, చుట్ట, సిగరెట్ మానాలనుకునే రైతులకు ఉచిత సాయం: ఇంటిల్లిపాదినీ పొగ నుంచి కాపాడుకునే జాగ్రత్తలు

మీ అమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చిందనుకోండి. పాలు, గుడ్లు, ఆకుకూరలు వేటికీ లోటు రానివ్వరు. బరువు పనులు చెయ్యనివ్వరు. కానీ సాయంత్రం పొలం నుంచి వచ్చి వసారాలో కూర్చుని మీరు కాల్చే బీడీ పొగ, లోపల గదిలో పడుకున్న ఆమె వరకూ వెళుతుంది. ఆమె పీల్చిన పొగలోని విషాలు కడుపులో బిడ్డకూ చేరతాయి. బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది.

చాలామంది రైతులు "మానాలనే ఉంది, మానలేకపోతున్నాను" అంటారు. 2016-17లో జరిగిన జాతీయ సర్వేలో పొగ తాగేవారిలో సగానికి పైగా మానాలనే ఆలోచన ఉన్నట్టు చెప్పారు. కాబట్టి ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. మానడానికి సాయం అడగవచ్చు, ఆ సాయం ఉచితంగానే దొరుకుతుంది. అది ఎక్కడ దొరుకుతుందో, మానే వరకూ ఇంట్లోవారిని ఎలా కాపాడుకోవాలో తెలుసుకుందాం.

పక్కవారు పీల్చే పొగ ఎందుకు ప్రమాదం?

పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి. వాటిలో సుమారు 70 క్యాన్సర్ తెచ్చేవి. తాగేవారు వదిలే పొగతో పాటు, వేళ్ల మధ్య కాలుతున్న బీడీ కొస నుంచి వచ్చే పొగ కూడా ఇంట్లోవారి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పై సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో 38.7 శాతం మంది ఇంట్లోనే ఈ పొగ బారిన పడుతున్నారు.

• పసిపిల్లలకు: దగ్గు, ఆయాసం, న్యుమోనియా, చెవి పోటు, చెవిలో చీము ఎక్కువగా వస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లలకు అది ముదురుతుంది.
• పెద్దవారికి: తాము ఒక్క బీడీ కూడా ముట్టకపోయినా గుండె జబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది.

"సిగరెట్ కంటే బీడీ నయం, ఆకులో చుట్టిందే కదా" అనుకోవడం పొరపాటు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, ఎక్కువసార్లు పీల్చాలి. దాంతో తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి ఎక్కువగా వెళతాయి. చుట్ట కూడా అంతే. శ్రీకాకుళం, విశాఖ తీర ప్రాంతాల్లో కొందరు ఆడవారు నిప్పు ఉన్న వైపును నోటి లోపల పెట్టుకుని చుట్ట కాలుస్తారు. దీన్ని అడ్డపొగ అంటారు. ఆ వేడికి, పొగకు అంగిట్లో పుండ్లు పడి క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది.

మానే వరకూ ఇంట్లో పాటించాల్సినవి

1. ఇంటి లోపల, వసారాలో, కిటికీ పక్కన కాల్చవద్దు. ఫ్యాను వేసినా, తలుపులు తీసినా పొగ పూర్తిగా పోదు.
2. ట్రాక్టరు, ఆటో, కారులో పిల్లలు, ఆడవారు ఉన్నప్పుడు వెలిగించవద్దు.
3. పొగ బట్టలకు, చేతులకు పడుతుంది. పిల్లల్ని ఎత్తుకునే ముందు చొక్కా, కండువా మార్చుకుని, సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
4. బీడీలు తెమ్మని పిల్లల్ని కొట్టుకు పంపవద్దు. 18 ఏళ్లలోపు వారికి పొగాకు వస్తువులు అమ్మడం 2003 నాటి చట్టం ప్రకారం నేరం. పైగా, ఇవాళ కొనుక్కొచ్చే పిల్లవాడు రేపు రుచి చూస్తాడు.
5. గడ్డివాము, పశువుల పాక, పత్తి నిల్వ చేసిన గది దగ్గర నిప్పు పనికిరాదు. పురుగుమందు కొట్టేటప్పుడు బీడీ ముట్టుకుంటే చేతికి అంటిన మందు నోట్లోకి వెళుతుంది.

ఇవి నష్టాన్ని తగ్గించే జాగ్రత్తలు మాత్రమే. పూర్తి రక్షణ మానేస్తేనే.

ఉచిత సాయం ఎక్కడ దొరుకుతుంది?

1. ఫోన్ ద్వారా: జాతీయ పొగాకు విరమణ సహాయ నంబరు 1800-11-2356. దీనికి కాల్ చార్జీ లేదు. మీరు కొనే ప్యాకెట్ మీద హెచ్చరిక బొమ్మతో పాటు ఈ నంబరు కూడా ముద్రించి ఉంటుంది. పగటి వేళ ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతామని చెప్పండి. రోజుకు ఎన్ని తాగుతారు, మొదటిది ఎప్పుడు వెలిగిస్తారు, ఇంతకుముందు మానే ప్రయత్నం చేశారా అని అడుగుతారు. మానే రోజును నిర్ణయించుకోవడానికి సాయపడతారు. ఆ తర్వాత వాళ్లే ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కుంటారు. ఎవరూ తిట్టరు, సంకోచం వద్దు.

2. ఆసుపత్రిలో: జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పొగాకు మాన్పించే కేంద్రాలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును అడగండి.

3. మందులు: నిద్ర లేచిన అరగంటలోపే మొదటి బీడీ వెలిగించేవారికి అలవాటు బలంగా ఉన్నట్టు. ఇలాంటివారికి నికోటిన్ చూయింగ్ గమ్ బాగా పనికొస్తుంది. 2 మి.గ్రా. గమ్ మందుల దుకాణాల్లో దొరుకుతుంది. దీన్ని మామూలు గమ్‌లా గబగబా నమలకూడదు. నాలుక చురుక్కుమనే వరకు మెల్లగా నమిలి, తర్వాత బుగ్గలో పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. గమ్ వేసుకోవడానికి పావుగంట ముందు నుంచి, నోట్లో ఉన్నంతసేపు టీ, కాఫీ తాగకూడదు. డాక్టరు రాసిచ్చే మాత్రలు కూడా ఉన్నాయి. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఏదీ వాడవద్దు.

మానే రోజును ఇలా ఖాయం చేసుకోండి

• వచ్చే రెండు వారాల్లో ఒక తేదీ పెట్టుకోండి. "పంట చేతికొచ్చాక చూద్దాం" అంటే ఆ రోజు ఎప్పటికీ రాదు.
• ఆ తేదీని భార్యకు, పిల్లలకు, పక్క పొలం రైతుకు చెప్పండి. తోడు మానేవారు ఒకరు దొరికితే ఇంకా మంచిది.
• ముందురోజు రాత్రే ఇంట్లో, చొక్కా జేబులో, మోటారు షెడ్డులో ఉన్న బీడీలు, అగ్గిపెట్టెలు తీసేయండి.
• ఎప్పుడు తాగాలనిపిస్తుందో గమనించండి. భోజనం కాగానే, టీ కొట్టు దగ్గర, రాత్రిపూట కరెంటు కోసం మోటారు దగ్గర కాచుకున్నప్పుడు ఎక్కువగా అనిపిస్తుంది. ఆ వేళలకు వేయించిన శనగలు, సోంపు, లవంగాలు దగ్గర పెట్టుకోండి. కొన్నాళ్లు టీ బదులు మజ్జిగ తాగండి.
• కోరిక పుట్టినప్పుడు అది ఐదు నిమిషాల్లో తగ్గుతుందని గుర్తుంచుకోండి. ఆ ఐదు నిమిషాలు గట్టున నాలుగడుగులు వేయండి, గుండెల నిండా గాలి పీల్చండి, నీళ్లు తాగండి.

మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతాయి. బీడీ మాని ఖైనీ, గుట్కా పట్టవద్దు. వాటిలోనూ నికోటిన్ ఉంటుంది, నోటి క్యాన్సర్ వస్తుంది.

ఇంట్లోవారు ఏం చెయ్యాలి?

సాధింపులు, ఎత్తిపొడుపులు వద్దు. మొదటి వారం కోపంగా మాట్లాడితే అది నికోటిన్ అందక వచ్చిన చిరాకు అని అర్థం చేసుకోండి. "ఇవాళ్టికి పది రోజులైంది" అని రోజులు లెక్కపెట్టి చెప్పండి. మధ్యలో ఒక్క బీడీ కాల్చారని తెలిసినా "నీ వల్ల కాదు" అనకండి. చాలామంది రెండు మూడు ప్రయత్నాల తర్వాతే పూర్తిగా మానగలుగుతారు. మొలక రాని చోట మళ్లీ విత్తనం వేస్తాం కదా, ఇదీ అంతే.

మానితే లాభం ఎంత?

మానిన 12 గంటల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. కొన్ని వారాల్లో దగ్గు, ఆయాసం తగ్గడం మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి పొగ వల్ల గుండెకు వచ్చే అదనపు ముప్పు సగానికి తగ్గుతుంది. ఏ వయసులో మానినా లాభమే.

డబ్బు లెక్క కూడా చూడండి. రోజుకు 20 రూపాయలు పొగకు పెడితే ఏడాదికి 7,300 రూపాయలు. 266.50 రూపాయల ధర ఉన్న 45 కిలోల యూరియా బస్తాలు 27 వస్తాయి.

ఈ లక్షణాలుంటే వెంటనే డాక్టరుకు చూపించండి

రెండు వారాలకు మించిన దగ్గు, కఫంలో రక్తం, ఛాతీలో నొప్పి, నోట్లో రెండు వారాలైనా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపిస్తే ఆలస్యం చెయ్యవద్దు. పొగ తాగేవారికి క్షయ వచ్చే అవకాశం ఎక్కువ. దాని పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఈ రోజే చెయ్యాల్సిన పని ఒక్కటే. 1800-11-2356 నంబరును మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మళ్లీ ప్యాకెట్ మీదకు చెయ్యి వెళ్లినప్పుడు ముందు ఆ నంబరుకు ఫోన్ చెయ్యండి.