పాత కంప్యూటరును పారవేయుటకు ముందు

నేతవాని ఇంట పోగు తెగినచో అతుకుదురు గాని, పడుగంతయు కోసి పారవేయరు. అచ్చులో పన్ను వంగినచో సరిచేయుదురు గాని, మగ్గమును అమ్మివేయరు. అదే ఇంట కంప్యూటరు నెమ్మదించినప్పుడు మాత్రము “దీని పని అయిపోయినది, కొత్తది కొనవలె” నను మాట వెంటనే వచ్చుచున్నది. షోలాపురము, భివండి, సేలము, బరంపురము మొదలగు ఊళ్లలోని మన ఇండ్లలో జాకార్డు డిజైన్లకు, నూలు ఖాతాలకు, జి.ఎస్.టి. లెక్కలకు, పిల్లల చదువులకు తరచు ఒకే యంత్రము ఆధారము. దానికై అప్పు చేయవలెనా, ఇంటనే బాగుచేసికొనవచ్చునా అనునది తెలిసికొనదగిన విషయము.

మొదట ఫైళ్లు

యంత్రము పోయిన మరియొకటి దొరకును. పదేండ్ల డిజైన్లు పోయిన దొరకవు. కనుక స్క్రూడ్రైవరు పట్టకముందే ఫైళ్లన్నియు వేరొక డిస్కుపైకి ఎక్కించి, వానిలో నాలుగైదు తెరచి చూడవలెను. హార్డు డిస్కు నుండి టకటక శబ్దము వచ్చుచున్నచో, ముఖ్యమైన ఫైళ్లను ముందుగా తీసికొని, ఆపై దానిని ఊరక నడుపరాదు.

నూలు దూది చేయు కీడు

మగ్గములున్న ఇంట గాలిలో నూలు పీచు ఎగురుచుండును. ఆ పీచు లోపలి ఫ్యానుకు, దాని క్రింది లోహపు రెక్కలకు పట్టి కంబళివలె కప్పును. వేడి బయటికి పోదు. వేడెక్కిన ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. వేడి మరీ మించినచో యంత్రము ఆగిపోవును. దీనికి మందు మెత్తని కుంచె మాత్రమే.

కరెంటు తీగ ఊడదీసి, స్విచ్చును కొన్ని సెకండ్లు నొక్కి పట్టవలెను. పెట్టె లోహమును తాకి ఒంటిలోని స్థిర విద్యుత్తును వదలించుకొనవలెను. ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టి తుడువవలెను. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రము విప్పరాదు. తీగ ఊడదీసిన పిదపకూడ దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. ప్రాసెసరుపైని లోహపు దిమ్మను తీసినచో, ఎండిన పాత పేస్టును తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు పెట్టి బిగించవలెను.

చిన్న లోపములు

తెర వెలుగక బీప్ శబ్దములు వచ్చుచున్నచో తరచు రామ్ కారణము. రామ్ పట్టీని తీసి, దాని పసుపు పచ్చని అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి తుడిచి, క్లిప్పులు పడు వరకు తిరిగి నొక్కవలెను. ప్రతిసారి తేదీ వెనుకకు పోవుచున్నచో మదర్‌బోర్డుపై నాణెమంత బ్యాటరీ అయిపోయినట్లు. దాని పేరు సి.ఆర్. 2032, మార్చుట క్షణము పని.

రెండు మార్పులు

మొదటిది హార్డు డిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. పాత డిస్కులో పళ్లెము నిమిషమునకు 5,400 లేక 7,200 సార్లు తిరుగును. చదువు ముల్లు నాడెవలె అటునిటు పోవుచుండును. ఎస్.ఎస్.డి.లో తిరుగునది గాని కదలునది గాని లేదు. అందుచేత యంత్రము తెరచుకొను కాలము ఎంతో తగ్గును. సాటా రకము 2.5 అంగుళముల ఎస్.ఎస్.డి. పాత తీగలకే అమరును. తీసిన పాత డిస్కు మంచిదైనచో నకళ్లకు ఉంచుకొనవచ్చును.

రెండవది రామ్. 4 జీబీ ఉన్నచోట 8 జీబీ చేసిన డిజైను, బిల్లు ఒకేసారి తెరచినను యంత్రము తడబడదు. అయితే డీడీఆర్ 3, డీడీఆర్ 4 ఒకదానిచోట ఒకటి ఇమడవు. పాత పట్టీని దుకాణమునకు తీసికొనిపోవుట మేలు. 32 బిట్ విండోసు 4 జీబీకి మించి వాడుకొనలేదు, ముందది చూచుకొనవలెను.

విండోసు సంగతి

విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. సుమారు 2018కి ముందటి యంత్రములలో పెక్కింటిని విండోస్ 11 అంగీకరింపదు. లెక్కలు, ఉత్తరములు, చదువు మాత్రమే పని అయినచో లినక్స్ మింట్ ఉచితముగా లభించును. తెలుగు కూడ వ్రాయవచ్చును. డిజైను సాఫ్టువేరు విండోసుపైననే నడుచునదైనచో, ఆ యంత్రమునకు ఇంటర్నెట్టు తీసివేసి డిజైన్లకే ఉంచి, బ్యాంకు పనులు వేరొకదానిపై చేసికొనుట క్షేమము.

ఎక్కడ ఆగవలెను

మదర్‌బోర్డుపై కెపాసిటర్లు ఉబ్బినను, కాలిన వాసన వచ్చినను చేయి తీసివేయవలెను. మరమ్మతు ఖర్చు వాడిన యంత్రము వెలను మించునన్నచో అప్పుడే మార్పు మాట. దుకాణమున కిచ్చునప్పుడు డిస్కు తీసి ఇంట ఉంచుకొన్నచో, మన డిజైన్లు పరుల చేతికి పోవు.

అట్టలో రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. ఈ జాకార్డు అట్టలనే 1830లలో చార్లెస్ బాబేజి తన గణన యంత్రమునకు ఎంచుకొనెను. ఆ అట్టలు కుట్టిన ఇంటివారికి ఈ పెట్టె మూత విప్పుటకు జంకు అవసరము లేదు. ఒక సెలవు దినము, ఒక స్క్రూడ్రైవరు, ఒక కుంచె చాలును. ఫైళ్ల నకలు మాత్రము ఈ రాత్రికే తీయుడు.