ఇల్లు నిండింది... ట్యాంకు ఖాళీ!

పొద్దున ఎనిమిదిన్నరకల్లా పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకి. ఇక సాయంత్రం దాకా కుళాయిలకు విశ్రాంతే. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ ఆ లెక్కనే మార్చేసింది. బడిలో, ఆఫీసులో, హోటల్లో వాడుకునే నీళ్లూ ఇంటి ఖాతాలోనే పడ్డాయి. మూడుపూటలా వంట, సింకు నిండా గిన్నెలు, బజారుకెళ్లి వచ్చినవాళ్లకు వెంటనే స్నానం, విడిచిన బట్టలు సర్ఫులోకి...

చేతుల సంగతే చూడండి. సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దుకోమన్నారు. నిమిషానికి ఆరు లీటర్లు వచ్చే కుళాయిని అంతసేపూ వదిలేస్తే రెండు లీటర్లు పోయినట్టే. నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు రోజుకు పదిసార్లు అలా కడిగితే 80 లీటర్లు! భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరాల్లో అన్ని అవసరాలకూ కలిపి మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మనదేశంలో ప్రమాణం. మనిషి లెక్కన చూస్తే అందులో దాదాపు ఏడో వంతు చేతులకే అయిపోయిందన్నమాట.

మోటారు వేస్తే ట్యాంకు నిండే ఇళ్లకు ఇది కరెంటు బిల్లు సమస్య. రోజు విడిచి రోజు నల్లా వచ్చే హైదరాబాద్ బస్తీల్లో మాత్రం డ్రమ్ము అడుగంటితే చేతులు కడగాలా, ఎసరు పెట్టాలా అన్నదే ప్రశ్న. ట్యాంకరు వస్తే మరో చిక్కు. బిందెల్ని ఎడంగా పెట్టొచ్చు, పైపు అందుకునే మనుషుల్నెలా ఆపుతారు?

చేతులు తడుపుకుని కుళాయి కట్టేసి, రుద్దాక మళ్లీ తిప్పితే చాలు, ఆ రెండు లీటర్లలో చాలావరకు మిగులుతాయి. లాక్‌డౌన్ పోయినా ఇంటి నుంచి పని చాలా ఇళ్లలో ఉండిపోయింది. ఈ అలవాటూ ఉండిపోతే మేలు.