బిడ్డ నోరు తెరిచినప్పుడు

ఈ దినము మన అంశము బడిలో చిన్నబిడ్డల భద్రత. లైంగిక వేధింపుల గురించి రేడియోలో మాట్లాడవచ్చునా అని కొందరికి అనిపించవచ్చు. ప్రియులారా, పెద్దల మౌనమే కీడుచేయువానికి బలము. మన సంఘాల ఆధ్వర్యంలో ఎన్నో ప్రాథమిక పాఠశాలలు నడుస్తున్నాయి గనుక ఈ సంగతి మనం తప్పక ఆలోచించాలి.

మార్కు సువార్త 10వ అధ్యాయములో చిన్నబిడ్డలను యేసునొద్దకు తెచ్చినవారిని శిష్యులు గద్దించారు. శిష్యులు చెడ్డవారు కారు. బోధకుని గౌరవం కాపాడుతున్నామని తలంచి ఉండవచ్చు. అయితే ప్రభువు కోపపడింది ఆ శిష్యుల మీదే. బడి పేరు, సంఘం పేరు కాపాడాలన్న తలంపుతో మనమూ బిడ్డకు అడ్డంగా నిలబడే ప్రమాదమున్నది.

2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఒక అధ్యయనాన్ని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించారు. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురయ్యామని 53 శాతం మంది చెప్పారు. వారిలో ఆడపిల్లలే కాదు, మగపిల్లలూ ఉన్నారు. కీడు చేసినవారిలో దాదాపు సగం మంది బిడ్డకు తెలిసినవారే, నమ్మకస్థులుగా ఉన్నవారే. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

2022 అక్టోబరులో హైదరాబాదులోని ఒక పాఠశాలలో ఎల్.కె.జి. చదివే పాపపై ప్రిన్సిపాల్ కారు డ్రైవరు అఘాయిత్యం చేసిన సంగతి బయటపడింది. 2023 ఏప్రిల్‌లో న్యాయస్థానం అతనికి 20 సంవత్సరాల జైలుశిక్ష విధించింది. అతడు టీచరు కాడు, పిల్లలతో అతనికి పనిలేదు. కాబట్టి టీచర్లను మాత్రమే గమనిస్తే చాలదు. డ్రైవరు, వాచ్‌మన్, ఆయా, అప్పుడప్పుడు వచ్చిపోయే మరమ్మతు పనివాడు, అందరి విషయంలోనూ జాగ్రత్త అవసరం.

చట్టం ఏమి చెబుతుంది? పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుండి అమలులో ఉంది. 18 ఏండ్లలోపు వారందరూ దాని దృష్టిలో బిడ్డలే. నేరం జరిగిందని తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేయాలని 19వ సెక్షను ఆజ్ఞాపిస్తుంది. తెలియజేయనివారికి ఆరు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. తన క్రింద పనిచేసేవాని నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. అంటే బడి కరస్పాండెంటుకు కూడా మినహాయింపు లేదు. మంచి మనస్సుతో సమాచారం ఇచ్చినవారిపై మాత్రం కేసు ఉండదు.

“ముందు కమిటీలో విచారించుకుందాం, పెద్దలలో సర్దుకుందాం, క్షమించేద్దాం” అని అంటూ ఉంటారు. ప్రియులారా, క్షమాపణ వేరు, నేరాన్ని దాచడం వేరు. బిడ్డకు జరిగిన అన్యాయాన్ని బిడ్డ తరఫున క్షమించే అధికారం ఏ కమిటీకీ లేదు. దాచిపెడితే ఆ మనిషి మరొక బిడ్డ జోలికి పోవచ్చు.

“పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి, బిడ్డ పరువు పోతుంది” అన్న భయం సహజమే. అయితే బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటివద్ద గాని, బిడ్డ కోరిన చోట గాని తీసుకోవాలని చట్టం చెబుతుంది. సాధ్యమైనంతవరకు మహిళా ఎస్.ఐ. రావాలి, యూనిఫారం వేసుకోకూడదు. రాత్రివేళ బిడ్డను స్టేషనులో ఉంచకూడదు. బిడ్డ పేరు, బడి పేరు పత్రికలలో వెల్లడించకూడదు.

మరి బిడ్డ వచ్చి చెప్పినప్పుడు ఏం చేయాలి? నెమ్మదిగా వినండి. “నీవు చెప్పింది మంచిదైంది, తప్పు నీది కాదు” అనండి. గుచ్చిగుచ్చి అడగవద్దు. ఆ మనిషి ఎదుట నిలబెట్టి చెప్పించవద్దు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వవద్దు. బిడ్డ పలికిన మాటలనే కాగితం మీద వ్రాసి, ఆలస్యం చేయక పోలీసులకు తెలపండి. 1098 నంబరుకు ఎక్కడినుండైనా, ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

జరగకముందే కాపాడటం మరింత మేలు. బడి సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్ జరగాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. మూసిన గదిలో ఏ పెద్దవారూ ఒక్క బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు. బిడ్డను ఇంటికి ఎవరు తీసుకువెళ్లాలో తల్లిదండ్రులు ముందే వ్రాసి ఇవ్వాలి. ఏ స్పర్శ మంచిదో ఏది కాదో పిల్లలకు నేర్పించాలి. ఇంకొక మాట. పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది. బెత్తానికి భయపడే బిడ్డ ఆ టీచరుకు తన బాధ ఎలా చెప్పుకుంటుంది?

తల్లిదండ్రులారా, ఈసారి పేరెంట్స్ మీటింగులో మూడు ప్రశ్నలు అడగండి. సిబ్బంది వెరిఫికేషన్ జరిగిందా? బిడ్డ తన బాధ ఎవరికి చెప్పాలి? చెప్పిన దినమే పోలీసులకు తెలిపేది ఎవరు? సంఘ కాపరులారా, కరస్పాండెంటులారా, సండే స్కూలు విషయంలోను, హాస్టలు విషయంలోను ఈ ప్రశ్నలకు మీరూ జవాబు సిద్ధపరచుకోండి.

బిడ్డల మొర వినే చెవులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.