ఏపీ 15 కొందామా... టీఎస్ 23 కొందామా?

టీవీలో బుల్డోజర్ వార్త వస్తే తెర మీద కనిపించేది చాలాసార్లు బుల్డోజర్ కాదు, పసుపు రంగు జేసీబీ. అసలు బుల్డోజర్ చైన్ల మీద పాకుతూ, ముందున్న బ్లేడుతో మట్టిని నెట్టుకుంటూ పోతుంది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఉండేది అదే. మన రుద్రంగి దిక్కు పొలం చదును చేయాలన్నా, పునాది తవ్వాలన్నా పిలిచేది ముందు బకెట్, వెనక బూమ్ ఉన్న జేసీబీనే. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినోళ్లు "సెకండ్ హ్యాండ్‌ల ఒకటి తీసుకుందామా?" అని లెక్కలేసేది కూడా దీని మీదే. అక్కడ షావల్ నడిపినోళ్లకైతే చెయ్యి ఊరుకోదు మరి.

మా బావ అట్లనే కొన్నడు. నాలుగేళ్ల దుబాయ్ పైసలు. బండి కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతుంటే మురిసిపోయిండు. రెండో నెలలో గేర్లు జారుడు మొదలైంది. "నేను బండి కొనలేదురా, రంగు కొన్న" అంటడు ఇప్పటికీ.

బండి వయసు మీద మొదటి అంచనా నంబర్ ప్లేటే చెప్తుంది. ఏపీ 15 అంటే ఉమ్మడి రాష్ట్రంలో, పాత కరీంనగర్ జిల్లాలో రిజిస్టర్ అయ్యింది. అంటే 2014 జూన్‌కు ముందుది. టీఎస్ 02 కరీంనగర్‌ది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక జగిత్యాల, కోరుట్ల బండ్లకు టీఎస్ 21, సిరిసిల్లకు టీఎస్ 23 వచ్చాయి. 2024 మార్చి నుంచి టీజీ.

కానీ అసలు గీత నంబర్ ప్లేటులో లేదు, ఇంజన్‌లో ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి టైర్లున్న నిర్మాణ యంత్రాలకు బీఎస్-4 నిబంధన వచ్చింది. అంతకు ముందు జేసీబీల్లో ఎక్కువగా మెకానికల్ డీజిల్ పంపే. ఆగిపోతే ఊళ్లో మెకానిక్ చెట్టు కింద పానాలు పరిచి విప్పుతాడు. తర్వాతి బండ్లలో కామన్ రైల్, సెన్సార్లు, ఈసీయూ. ఇవి డీజిల్ పొదుపుగా తాగుతాయి, పొగ తక్కువ. కాకపోతే తేడా వస్తే పానాతో పని కాదు, ల్యాప్‌టాప్ పట్టుకుని కంపెనీ మనిషి రావాలి. ఇంకో మాట: మనోళ్లు డీజిల్‌ను డబ్బాల్లో పట్టుకెళ్లి పొలం గట్టు మీదే పోస్తారు. అందులో నీళ్లు, చెత్త ఉంటే పాత పంపు కొంతవరకు ఓర్చుకుంటుంది. కామన్ రైల్ ఇంజెక్టర్ ఓర్చుకోదు, దాని ఖర్చుకు గుండె గుభేల్‌మంటుంది.

మరి పాతదే మేలా? తొందరపడొద్దు, ఈఎంఐ లెక్క చూడండి. కిరాయి గంటకు 1,200 అనుకుందాం. డీజిల్‌కు 520, ఆపరేటర్‌కు 130, గ్రీజు, టైర్లు, రిపేర్ల కోసం 100 పక్కన పెడితే మిగిలేది 450. కొత్త బండికి నెలకు 40,000 ఈఎంఐ ఉంటే దాదాపు 90 గంటలు బ్యాంకు కోసమే తవ్వాలి. యాసంగి కోతలయ్యాక ఎండాకాలంలో అది కష్టం కాదు. నాట్లు పడి పొలాల్లో నీళ్లు నిలిచాక? బండి ఇంటి ముందు నిలబడుతుంది, ఈఎంఐ నిలబడదు. అప్పు లేకుండా కొన్న పాత బండికి ఆ భయం లేదు గానీ, సీజన్‌లో వారం రోజులు మూలన పడితే పిలిచినోళ్లు ఇంకో బండిని పిలుచుకుంటారు.

నన్నడిగితే మొదటిసారి కొనేవాళ్లకు 2018-2020 మధ్య వచ్చిన మెకానికల్ బండి నయం. ఏపీ 15 తీసుకోవాలంటే రిపేరు చేతనైన మనిషి ఇంట్లోనే ఉండాలి.

చూడ్డానికి పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చే ముందే స్టార్ట్ చేసిపెట్టారన్నమాట. నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుమని తన్నుకొస్తే ఇంజన్ పని అయిపోవచ్చింది. బూమ్ పైకెత్తి, ఇంజన్ ఆపి పది నిమిషాలు దూరంగా నిలబడి చూడండి. మెల్లగా కిందికి దిగుతుంటే హైడ్రాలిక్స్‌లో లీకుంది. బకెట్‌ను నేలకు ఆనించి అటూ ఇటూ ఆడించండి. పిన్నులు, బుష్‌లు అరిగితే లొడలొడలాడతాయి. బూమ్ మీద వెల్డింగ్ అతుకులుంటే పెయింట్ కింద వేలికి తగులుతాయి. అవర్ మీటర్‌ను అసలు నమ్మకండి. మీటర్‌లో నాలుగు వేల గంటలే ఉండి పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే, రబ్బరు మాటే నిజం.

ఫోన్ చేతిలోనే ఉంది కదా, ఆన్‌లైన్‌లో బండి నంబర్ కొట్టి చూడండి. ఇన్సూరెన్స్ ఉందా, ఫైనాన్స్ బాకీ ఉందా అన్నది కూడా చూసుకోండి. ఛాసిస్ మీద కొట్టిన నంబర్ ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. ఫైనాన్స్ ఉంటే ఎన్ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి పైసలు ఇవ్వొద్దు. "వచ్చే వారం ఇస్త తమ్మీ" అంటే, పైసలు కూడా వచ్చే వారమే.

మా బావ పోయినేడు ఇంకో బండి కొన్నడు. ఈసారి వెంట మెకానిక్‌ను తీసుకుపోయిండు, బేరం నాట్ల కాలంలో ఆడిండు. దానికి ఇప్పటికీ రంగు వేయించలేదు.